పడుకోబెట్టిన ట్యాంకులో సెంటీమీటరుకు ఎన్ని లీటర్లు?

డాబా మీద నిలువుగా నిలబెట్టిన నీళ్ల ట్యాంకుకు పెద్ద లెక్క అక్కర్లేదు. సగం ఎత్తు నీళ్లుంటే సగం ట్యాంకు, పావు ఎత్తుంటే పావు ట్యాంకు. అదే ట్యాంకును పక్కకు పడుకోబెడితే ఈ లెక్క మధ్యలో, సరిగ్గా సగం దగ్గర మాత్రమే కుదురుతుంది. పావు ఎత్తు దగ్గర ఉండేది పావు ట్యాంకు కాదు, 19.55 శాతం. పదో వంతు ఎత్తు దగ్గరైతే 5.2 శాతమే.

కాజీపేట నుంచి మంచిర్యాల దాకా రోడ్డు పక్క పెట్రోలు బంకుల్లో భూమిలో పాతిన ట్యాంకులు సాధారణంగా ఇలా పడుకున్నవే. కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల్లో ఎక్స్‌కవేటర్లకు, కంప్రెసర్లకు డీజిల్ నిల్వ చేసే ట్యాంకులు, సుల్తానాబాద్ వైపు రైస్ మిల్లుల్లో జనరేటరు పక్కన ఉండేవి, ఎండాకాలం హనుమకొండ కాలనీల్లో తిరిగే ట్రాక్టర్ ట్యాంకర్లు కూడా చాలావరకు ఇదే కోవలోవి. ఇలా గుండ్రంగా చేసి పడుకోబెట్టడానికి కారణాలున్నాయి. గొయ్యి లోతుగా తవ్వక్కర్లేదు, బండి మీదైతే బరువు కిందికి ఉంటుంది, గుండ్రటి రేకు లోపలి ఒత్తిడిని అన్ని వైపులా సమంగా మోస్తుంది. ఈ లాభాలన్నిటికీ బదులుగా లెక్క వంకర తిరుగుతుంది.

ఆ వంకర ఎంత గొడవ తెస్తుందో చూడాలంటే క్వారీ డీజిల్ ట్యాంకును తీసుకుంటే చాలు. వ్యాసం 2 మీటర్లు, పొడవు 6 మీటర్లు, రెండు చివర్లూ చదును అనుకుందాం. నిండితే 18,850 లీటర్లు పడుతుంది. ఎత్తు 200 సెంటీమీటర్లు కాబట్టి, సెంటీమీటరుకు సగటున 94 లీటర్ల పైచిలుకు. ట్యాంకులో దింపి మట్టం కొలిచే కర్రకు సమానంగా గీతలు పెట్టి, 20 సెంటీమీటర్లు దిగితే 1,885 లీటర్లు వాడినట్టు అని పుస్తకంలో రాస్తూ పోతే ఏమవుతుంది?

మట్టం 100 నుంచి 80కి దిగినప్పుడు నిజంగా బయటికి వెళ్లేది 2,384 లీటర్లు. 60 నుంచి 40కి దిగితే 2,072. 30 నుంచి 10కి దిగితే 1,421 మాత్రమే. కర్ర మీద మూడూ ఒకటే, 20 సెంటీమీటర్లు. ట్యాంకు సగంలో ఉన్న రోజు మెషీన్లలో పోసిన డీజిల్ కర్ర చెప్పినదానికంటే దాదాపు 500 లీటర్లు ఎక్కువ తేలుతుంది. ఎక్కువ తేలితే ఎవరూ పంచాయితీ పెట్టరు, ఏదో కలిసొచ్చిందిలే అనుకుంటారు. ట్యాంకు అడుగంటే రోజున లెక్క తిరగబడుతుంది. కర్ర ప్రకారం 1,885 లీటర్లు పోయాయి, మెషీన్ల లాగ్‌బుక్కుల్లో కలిపితే 1,421 వచ్చాయి, మిగతా 464 లీటర్లు ఎక్కడ? నలభై వేలకు పైబడిన డబ్బు. స్టోర్ చూసుకునే మనిషికి టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ట్యాంకు నిండు నుంచి ఖాళీ దాకా ఒక చుట్టు పూర్తయితే ఈ హెచ్చుతగ్గులన్నీ ఒకదానికొకటి కొట్టుకుపోతాయి, నెల లెక్క సరిపోతుంది. రోజువారీ లెక్కే తప్పుతుంది. తప్పు కూడా యాదృచ్ఛికంగా రాదు. ట్యాంకు అడుగున ఉన్నప్పుడు, మళ్లీ కొత్తగా నింపిన మొదటి రోజుల్లో 'తరుగు' కనిపిస్తుంది, మధ్యలో 'పెరుగుదల' కనిపిస్తుంది. తరుగు ఎప్పుడూ ఈ రెండు చోట్లే వస్తుంటే మనిషిని అనుమానించే ముందు కర్రను అనుమానించడం న్యాయం.

కారణం ఫార్ములాలో కాదు, కంటికి కనిపించే చోటే ఉంది. ఏ మట్టం దగ్గరైనా ఒక సెంటీమీటరు అంటే పల్చటి పలక లాంటి పొర. ఆ పొర పొడవు ఎప్పుడూ 6 మీటర్లే. వెడల్పు మాత్రం ఆ మట్టం దగ్గర డీజిల్ పైతలం ఎంత వెడల్పుగా పరుచుకుందో అంత. అడుగు నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తులో ఆ వెడల్పు 120 సెంటీమీటర్లు, కాబట్టి అక్కడ సెంటీమీటరు 72 లీటర్లు. 40 దగ్గర వెడల్పు 160, సెంటీమీటరు 96 లీటర్లు. నడిమికి వచ్చేసరికి వెడల్పు పూర్తి 200, సెంటీమీటరు 120 లీటర్లు. అక్కడి నుంచి పైకి మళ్లీ అదే వరుసలో తగ్గుతుంది. వెడల్పు కనుక్కోవడం కూడా సులువే: వ్యాసంలోంచి లోతు తీసేసి, దాన్ని లోతుతో గుణించి, వర్గమూలం కట్టి, రెట్టింపు చేయాలి. లోతు 20 అయితే 180ని 20తో గుణిస్తే 3,600, వర్గమూలం 60, రెట్టింపు 120.

సమాన గీతల కర్ర ఎక్కడ ఎక్కువ మోసం చేస్తుందో కూడా ఈ వెడల్పే చెబుతుంది. సగటు వెడల్పు 157 సెంటీమీటర్లు (వృత్తం వైశాల్యాన్ని వ్యాసంతో భాగిస్తే వచ్చేది). అసలు వెడల్పు ఇంతకంటే తక్కువగా ఉన్నంతసేపూ కర్ర చెప్పే అంకె నిజాన్ని దాటి ముందుకు పోతూనే ఉంటుంది. 157 దాటాక నిజం మెల్లగా కర్రను అందుకుంటుంది. ఆ మలుపు వచ్చేది 19 శాతం ఎత్తులో, అంటే ఈ ట్యాంకులో 38 సెంటీమీటర్ల దగ్గర. అక్కడ కర్ర దాదాపు 3,590 లీటర్లు అంటుంది, ఉండేది 2,500. తేడా 1,090 లీటర్ల దాకా, మొత్తం ట్యాంకులో 5.8 శాతం. ట్యాంకు ఎంత పెద్దదైనా, ఎంత చిన్నదైనా ఈ 19 శాతం, ఈ 5.8 శాతం మారవు.

ఇక అసలు లెక్క. ట్యాంకును నిలువునా కోసి చూస్తే వృత్తం, అందులో ద్రవం ఉన్న భాగం వృత్తఖండం. దాని వైశాల్యాన్ని పొడవుతో గుణిస్తే ఘనపరిమాణం. వృత్తఖండం వైశాల్యం పదో తరగతి లెక్కల్లో వచ్చేదే: సెక్టారులోంచి (రెండు వ్యాసార్ధాల మధ్య ఉండే వృత్తం ముక్క) త్రిభుజాన్ని తీసేయాలి. లోతు 50 సెంటీమీటర్లు ఉన్నప్పుడు ఇది ముచ్చటగా కుదురుతుంది. కేంద్రం నుంచి ద్రవం పైతలం దాకా దూరం 50, వ్యాసార్ధం 100. నిష్పత్తి సగం కాబట్టి సగం కోణం 60 డిగ్రీలు, మొత్తం కోణం 120. అంటే సెక్టారు వృత్తంలో సరిగ్గా మూడో వంతు, 10,472 చదరపు సెంటీమీటర్లు. త్రిభుజం 50 × 86.6, అంటే 4,330. తీసేస్తే 6,142. దాన్ని 600తో గుణించి 1,000తో భాగిస్తే 3,685 లీటర్లు. సమాన గీతల కర్ర ఇక్కడ 4,712 చెబుతుంది.

అన్ని లోతులకూ పనికొచ్చేలా రాస్తే ఇలా ఉంటుంది:

వైశాల్యం = వ్యాసార్ధం × వ్యాసార్ధం × సగం కోణం − (వ్యాసార్ధం − లోతు) × సగం వెడల్పు

ఇందులో సగం కోణం అంటే (వ్యాసార్ధం − లోతు) ÷ వ్యాసార్ధం అనే విలువకు కొసైన్ విలోమం. దాన్ని రేడియన్లలోనే తీసుకోవాలి. ఎక్సెల్ దానంతట అదే రేడియన్లు ఇస్తుంది. చేతి క్యాలిక్యులేటరు డిగ్రీ మోడ్‌లో ఉంటే 1.0472 రావాల్సిన చోట 60 వస్తుంది, ట్యాంకు పట్టేదానికి ఎన్నో రెట్ల డీజిల్ కాగితం మీద తేలుతుంది. అంత పెద్ద తప్పు కాబట్టి దొరికిపోతుంది. సగం దాటిన తర్వాత 'వ్యాసార్ధం − లోతు' మైనస్‌లోకి పోతుంది. దాన్ని చూసి కంగారుపడి గుర్తు మార్చకూడదు, మైనస్‌ను అలాగే ఉంచితేనే జవాబు సరిగ్గా వస్తుంది. చేత్తో చేసేవాళ్లు మాత్రం పైనున్న ఖాళీని కొలిచి, ఆ ఖాళీ ఎన్ని లీటర్లో కట్టి, నిండు ట్యాంకులోంచి తీసేయడం మేలు.

కొసైన్ విలోమం జోలికే పోకుండా పని జరుపుకునే దారి కూడా ఉంది. వెడల్పును లోతుతో గుణించి అందులో మూడింట రెండు వంతులు తీసుకోవాలి. దానికి లోతు ఘనాన్ని వెడల్పుకు రెట్టింపుతో భాగించగా వచ్చింది కలపాలి. లోతు 50 అయితే మొదటి భాగం 5,773, రెండోది 361, మొత్తం 6,134. అసలు విలువ 6,142. లోతు 10 అయితే రెండూ 587 దగ్గరే కలుస్తాయి. సరిగ్గా సగం దగ్గర తప్పు 0.8 శాతానికి చేరుతుంది, అంతకు మించదు. సగం పైన మళ్లీ ఖాళీని లెక్కగట్టి తీసేయడమే. వర్గమూలం వచ్చిన ఏ మామూలు క్యాలిక్యులేటరైనా దీనికి సరిపోతుంది. నిజం చెప్పాలంటే రైస్ మిల్లు జనరేటరు ట్యాంకుకు ఇంతకు మించిన ఫార్ములా దండగ.

వృత్తఖండం మీద లెక్కలు మనకు కొత్త కాదు. 9వ శతాబ్దానికి చెందిన గణితవేత్త మహావీరాచార్యుడు (పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చిన గణితం ఈయనదే) జ్యాకు శరాన్ని కలిపి సగం శరంతో గుణించమని ఒక స్థూల సూత్రం ఇచ్చాడు. మన భాషలో వెడల్పు, లోతు. సరిగ్గా సగం ట్యాంకుకు ఇది π విలువను 3గా తీసుకున్నట్టే. 50 సెంటీమీటర్ల లోతుకు 5,580 ఇస్తుంది, అంటే 9 శాతం తక్కువ. 10 సెంటీమీటర్లకు 17 శాతం తక్కువ. పొలం కొలతల్లో సర్దుకోవచ్చునేమో గానీ డీజిల్‌కు పనికిరాదు.

లోతు తెలిస్తే లీటర్లు కట్టడం ఇంతవరకు చూసింది. దీన్ని తిప్పి అడిగితే, అంటే 'పావు ట్యాంకు గీత కర్ర మీద ఎక్కడ పెట్టాలి?' అని అడిగితే, నేరుగా జవాబిచ్చే ఫార్ములా లేదు. విలువలు వేసుకుంటూ దగ్గరికి రావాల్సిందే. జవాబు వ్యాసంలో 29.8 శాతం. 2 మీటర్ల ట్యాంకుకు పావు గీత 59.6 దగ్గర, సగం 100 దగ్గర, ముప్పావు 140.4 దగ్గర. ఈ మూడు అంకెలు పెయింటుతో కర్ర మీద రాసుకుంటే రోజువారీ అవసరం చాలావరకు తీరుతుంది. ఇక్కడ విడదీయాల్సిన సమీకరణంలో కోణంలోంచి దాని సైన్‌ను తీసేసే రూపం వస్తుంది. గ్రహాల గమనానికి కెప్లర్ రాసిన సమీకరణానిదీ ఇదే రూపం. విచిత్రంగా ట్యాంకు లెక్కలతో కూడా ఆయనకు సంబంధముంది. 1613లో ఆస్ట్రియాలోని లింజ్‌లో తన రెండో పెళ్లికి కొన్న వైన్ పీపాల్లోకి వ్యాపారి ఒక కర్ర దూర్చి ఇంత ఉందని తేల్చేయడం ఆయనకు నచ్చలేదు. పీపాల ఘనపరిమాణం మీద 1615లో ఏకంగా పుస్తకమే అచ్చు వేశాడు.

ట్రాక్టర్ ట్యాంకరుకు వద్దాం. వ్యాసం 140 సెంటీమీటర్లు, పొడవు 325 ఉంటే 5,000 లీటర్ల ట్యాంకరు. ఎండాకాలం అపార్టుమెంటు ముందు బేరం ఎప్పుడూ 'పైన ఎంత వెలితి ఉంది' అన్నదాని మీదే నడుస్తుంది. మూత తీసి చూస్తే బెత్తెడు వెలితి, అంటే ఓ 7 సెంటీమీటర్లు, ఉంటే తక్కువైంది 93 లీటర్లే. 5,000లో అది 2 శాతం కూడా కాదు, గొంతు చించుకోవాల్సిన పని లేదు. జానెడు వెలితి, 22 సెంటీమీటర్లు, ఉంటే మాత్రం 500 లీటర్లు పోయినట్టే. ఎత్తు మూడింతలైతే నీళ్లు అయిదింతలకు పైగా పెరిగాయి. అంచుల దగ్గర, అడుగునైనా పైనైనా, ఎత్తు రెట్టింపైతే ఘనపరిమాణం దాదాపు 2.8 రెట్లవుతుంది. కాబట్టి బెత్తెడుకు ఊరుకుని, జానెడుకు డబ్బు తగ్గించమనడం గణితం ప్రకారం కూడా సబబే.

ఇదే గుణం నింపేటప్పుడు ఎదురు తిరుగుతుంది. 18,850 లీటర్ల ట్యాంకులో నడిమి 10 సెంటీమీటర్లు నిండాలంటే దాదాపు 1,200 లీటర్లు పోయాలి. ఆఖరి 10 సెంటీమీటర్లకు 352 చాలు. లారీ నుంచి వచ్చే వేగం ఒకటే అయినా మట్టం చివర్లో పరుగెత్తుతుంది, చూస్తుండగానే పొర్లుతుంది. అడుగున కూడా ఇదే 352. పంపు గొట్టం అడుగుకు 10 సెంటీమీటర్ల పైన ఉంటే కింద అందకుండా మిగిలేది అంతే, సమాన గీతల కర్ర భయపెట్టే 942 కాదు.

లారీ ట్యాంకుల్లో కొన్ని గుండ్రంగా కాక కోడిగుడ్డులా నొక్కినట్టుంటాయి. దీర్ఘవృత్తం అయితే కొత్త లెక్క నేర్చుకోనక్కర్లేదు. మొత్తం ఎత్తులో ఎన్నో వంతు నిండిందన్నది చూస్తే చాలు, శాతాలన్నీ వృత్తానివే వర్తిస్తాయి. పావు ఎత్తుకు అక్కడా 19.55 శాతమే. వృత్తాన్ని పక్కలకు సాగదీస్తే ప్రతి పొర వెడల్పూ ఒకే నిష్పత్తిలో పెరుగుతుంది కాబట్టి వాటా మారదు.

ఇంతవరకు చెప్పిందంతా చదును చివర్లున్న, ఏటవాలు లేని, సొట్టలు పడని ట్యాంకుకు. అలాంటి ట్యాంకు భూమ్మీద తక్కువ. చివర్లు ఉబ్బెత్తుగా ఉంటే అదనంగా పట్టేది కలపాలి. రెండు చివర్లూ అర్ధగోళాలైతే కలిపి ఒక పూర్తి గోళం. అందులో ద్రవం: 3.1416 × లోతు × లోతు × (3 వ్యాసార్ధాలు − లోతు) ÷ 3. 50 సెంటీమీటర్ల దగ్గర ఇది 654 లీటర్లు. చివర్ల ఉబ్బు వ్యాసార్ధంలో సగమే ఉండే దీర్ఘవృత్తపు మూతలైతే అందులో సగం, 327. ఈ భాగాన్ని వదిలేసి ఫార్ములాను తిట్టుకునేవాళ్లే ఎక్కువ.

ఏటవాలు ఇంకా పెద్ద చిక్కు. నీరు, మడ్డి ఒక పక్కకు చేరేలా ట్యాంకును కాస్త వాలుగా కూర్చోబెట్టడం ఉంది. కూర్చున్నాక నేల కుంగి వాలిపోవడమూ ఉంది. 6 మీటర్లకు 1 శాతం వాలు అంటే రెండు చివర్ల మధ్య 6 సెంటీమీటర్ల తేడా. డిప్ రాడ్ (మట్టం కొలిచే కర్ర) దింపే గొట్టం పల్లపు చివర ఉంటే మధ్యలో ఉన్నదానికంటే 3 సెంటీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది. ట్యాంకు సగంలో ఉంటే అది 360 లీటర్లు, లేని డీజిల్. అదే గొట్టం ట్యాంకు నడిమధ్యలో ఉంటే ఈ వాలు ప్రభావం దాదాపు ఏమీ ఉండదు. కొత్త ట్యాంకు చేయించుకునేవాళ్లు అడగాల్సిన మొదటి విషయం ఇదే అయినా, రేకు మందం అడుగుతారు, రంగు అడుగుతారు, దీన్ని అడగరు.

చదవడంలో జరిగే పొరపాటు వేరు. సగం ట్యాంకు దగ్గర అర సెంటీమీటరు తేడా అంటే 60 లీటర్లు. బంకుల్లో రాడ్ అడుగుకు నీటిని పట్టిచ్చే పేస్టు రాస్తారు, నీరు తగిలినంత మేర రంగు మారుతుంది. 3 సెంటీమీటర్లు రంగు మారిందంటే 58 లీటర్ల పైచిలుకు నీరు, దాన్ని చార్టు (ఏ మట్టానికి ఎన్ని లీటర్లో రాసిన పట్టిక) చూపించే మొత్తంలోంచి తీసేయాలి.

వేడి సంగతి జ్యామితికి బయటిదే కానీ ఖాతాలో వచ్చి కూర్చుంటుంది. డీజిల్ ఒక డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 0.08 శాతం, పెట్రోలు సుమారు 0.12 శాతం వ్యాకోచిస్తాయి. మే నెల వరంగల్ ఎండలో వేడెక్కి వచ్చిన 10,000 లీటర్ల పెట్రోలు భూమిలోని ట్యాంకులో చేరి 10 డిగ్రీలు చల్లబడితే 120 లీటర్ల దాకా తగ్గినట్టు కనిపిస్తుంది. బరువు మాత్రం అంతే ఉంటుంది. అందుకే బంకుల్లో లీటర్లతో పాటు సాంద్రతను కూడా 15 డిగ్రీలకు మార్చి చూసుకుంటారు.

ఇన్ని తేడాలు ఒకేసారి ఉన్నప్పుడు, ముఖ్యంగా సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత ట్యాంకుకు, ఫార్ములా కంటే నీళ్లు పోసి కొలవడమే నమ్మకమైన పద్ధతి. ట్యాంకును దాని చోట స్థిరంగా కూర్చోబెట్టాక, తెలిసిన కొలతతో కొంచెం కొంచెంగా నీళ్లు పోస్తూ ప్రతిసారీ రాడ్ మీద మట్టం రాసుకోవాలి. అడుగు 20 సెంటీమీటర్లలోనూ పై 20 సెంటీమీటర్లలోనూ తక్కువ తక్కువగా పోసి దగ్గర దగ్గరగా అంకెలు తీసుకోవాలి, మధ్యలో 500 లీటర్లకు ఒకసారి చాలు. ఉబ్బు, వాలు, సొట్ట అన్నీ ఆ చార్టులోకి వాటంతట అవే వచ్చేస్తాయి. అమ్మకానికి వాడే ట్యాంకైతే ఈ పని తూనికలు కొలతల శాఖ ధ్రువీకరణతో జరగాలి. చార్టు చేతికొచ్చాక ఫార్ములాతో ఒకసారి పోల్చి చూడటం మంచిది. తేడా అన్ని మట్టాల దగ్గరా మెల్లగా ఒకే తీరున పెరుగుతూ పోతే అది చివర్ల ఉబ్బు. సగం దగ్గర ఎక్కువై రెండు అంచుల వైపు తగ్గితే వాలు. ఏదో ఒక్క అంకె దగ్గర మాత్రమే ఎగిరిపడితే, అక్కడ మట్టం చదవడంలోనో రాయడంలోనో పొరపాటు జరిగిందని అర్థం.